ఇటుకలు నేలమీద ఎవరు పెట్టారు?

తాపీ పనిలో ఉన్నాక నడుము నొప్పి రాకుండా ఉంటుందా అంటారు. సైటు ఇంజనీరు అంటాడు, బిల్డరు అంటాడు, పింఛను డబ్బుతో ఇల్లు కట్టించుకుంటున్న రిటైర్డు హెడ్మాస్టారు గారూ అంటారు. చివరికి మేస్త్రీ కూడా అదే అంటాడు. పదహారో ఏట గమేళా ఎత్తిన రోజునుంచీ అతని చెవిలో అందరూ ఊదిన మాట అదే మరి. "ఈ పనే అంత."

పచ్చి అబద్ధం. నాలుగైదు వరసలు లేచాక గోడ కట్టడానికి నడుము వంచక్కర్లేదు. నేలమీద పడేసిన ఇటుకని అందుకోవడానికి వంచాలి. ఆ ఇటుక నేలమీద ఎందుకుంది? దాన్ని మోకాలి పైకి, తొడ ఎత్తుకి చేర్చాలంటే ఒక బల్ల కావాలి, బల్లమీద పేర్చే మనిషి కావాలి. ఆ బల్ల అద్దె, ఆ మనిషి కూలి మిగుల్చుకున్నవాడు ఒకడున్నాడు. వాడు మిగుల్చుకున్నదే మేస్త్రీకి నడుము నొప్పి అయింది. మొదటి వరసలకి వంగక తప్పదని నేనూ ఒప్పుకుంటాను. ఆ తర్వాత వంగే ప్రతి వంగుడుకీ ఒక జేబు ఉంది, ఆ జేబులో చిల్లర ఉంది.

ఒక్క ఇటుక గోడలోకి ఎలా వెళ్తుందో దగ్గర నిలబడి చూడండి. తొమ్మిదంగుళాల గోడ, దారం లాగి కట్టి ఉంది. మేస్త్రీ పాదాల దగ్గర ఒకపక్క ఇటుకల కుప్ప, ఎలా దించారో అలాగే చిందరవందరగా. ఇంకోపక్క ఇనప గమేళాలో మాలు. వంగి తాపీతో మాలు తీస్తాడు, లేచి వరసమీద పరుస్తాడు. మళ్ళీ వంగి, వంగినవాడు అలాగే పక్కకి తిరిగి ఇటుక అందుకుంటాడు. లేస్తూ లేస్తూనే అరచేతిలో దాన్ని తిప్పేస్తాడు. మంచి ముఖం ఎటుందో చూడక్కర్లేదు, వేళ్ళకే తెలిసిపోతుంది. దారానికి వెంట్రుకవాసి ఎడంగా ఆనించి, తాపీ పిడితో రెండు దెబ్బలు కొట్టి, బయటికి పొంగిన మాలుని ఒక్క గీకుతో తీసి నిలువు సందులో కొడతాడు. పని అయిపోయింది. ఇందులో విద్య అంతా అతను నిటారుగా ఉన్నప్పుడే జరిగింది. వంగిన రెండుసార్లూ అతను చేసింది నేలమీది వస్తువు పైకి తేవడం ఒక్కటే. దానికి మేస్త్రీ అక్కర్లేదు, బల్ల చాలు. చేతిలో విద్య ఉన్న మనిషిని పట్టుకుని, రోజులో సగం వంతు బల్ల చేయాల్సిన పని చేయిస్తున్నాం.

ఇప్పుడు లెక్క. మామూలు మట్టి ఇటుక మూడు కిలోలు, కొంచెం అటూ ఇటూ. అరవై కిలోల మనిషి వంగి లేచాడంటే ఇటుకని మాత్రమే ఎత్తలేదు. తల, చేతులు, మొండెం అన్నీ ఎత్తాడు. అవన్నీ కలిపి ఒంటి బరువులో సగానికి పైనే, తక్కువలో తక్కువ ముప్పై అయిదు కిలోలు వేసుకుందాం. రోజుకి ఆరువందల ఇటుకలు కట్టే మేస్త్రీ ఇటుక కోసమే ఆరువందల సార్లు వంగితే, గోడలోకి వెళ్ళిన ఇటుక బరువు రెండు టన్నులకి లోపు. అతని నడుము పైకి లేపిన మొత్తం బరువు ఇరవై రెండు టన్నులకి పైన. అందులో ఇరవై టన్నులు ఎవరికీ పనికిరాని బరువు. ఆ ఇరవై టన్నుల వల్ల గోడ అంగుళం లేవలేదు, ఇల్లు గట్టిపడలేదు. మాలు కోసం వంగినవి ఈ లెక్కలో వేయనే లేదు.

ఈ లెక్క నా సొంతం అనుకునేరు. ఫ్రాంక్ గిల్‌బ్రెత్ అనే అమెరికావాడు వందేళ్ళ కిందటే తేల్చేశాడు. 1885లో, పదిహేడేళ్ళ వయసులో, బోస్టన్‌లో తాపీ పని నేర్చుకోవడానికి చేరాడు. తనకి పని నేర్పిన మేస్త్రీలు ఎవరికి వాళ్ళు తలో రకంగా కడుతున్నారని గమనించాడు. ఒక్కొక్క కదలికా రాసుకుంటూ పోతే ఇటుకకి పద్ధెనిమిది కదలికలు వచ్చాయి. వాటిని అయిదుకి దించాడు. ఎలా? పరంజా మీద ఇంకో అర కట్టించాడు. గోడ లేచేకొద్దీ ఆ అరని కూడా లేపేలా చేశాడు. ఇటుకలూ మాలూ ఎప్పుడూ మేస్త్రీ చేతికి అందే ఎత్తులో ఉండేవి. కింద కూలీలు ఇటుకలని మంచి ముఖం పైకి వచ్చేలా చట్రాల్లో సర్ది పంపేవాళ్ళు. గంటకి 120 ఇటుకలు కట్టే మనిషి 350 కట్టాడని ఫ్రెడరిక్ టేలర్ 1911లో అచ్చేసిన తన పుస్తకంలో రాశాడు. రెండు కిలోల పైచిలుకు ఇటుక కోసం మేస్త్రీ తన మొండేన్నంతా దించి లేపుతున్నాడని, ఇంతకాలం ఇది ఎవరికీ తట్టలేదని ఆశ్చర్యపోయింది కూడా ఆ పుస్తకంలోనే.

గిల్‌బ్రెత్ కార్మిక నాయకుడేం కాదు, దయాగుణ సంపన్నుడని పేరు పొందినవాడూ కాదు. కాంట్రాక్టరు. అతనికి కావలసింది వేగం, వేగంలోంచి వచ్చే డబ్బు. ఆ వేగానికి మేస్త్రీ ఎంత అరిగాడన్నది వేరే చర్చ, దాంట్లో నేను అతని పక్షం కాదు. నా కోపమల్లా మనవాళ్ళమీద. న్యాయం కోసం చేయమంటే చేయరు సరే, కనీసం లాభం కోసమైనా చేసి చావొచ్చు కదా! మన బిల్డర్లకి దురాశ కూడా సరిగ్గా చేతకాదు. 2026లో అయిదంతస్తుల అపార్టుమెంటుకి లిఫ్టు పెడతారు, జిమ్ము పెడతారు, బ్రోషర్లో ఈతకొలను బొమ్మ వేస్తారు. దాని గోడలు మాత్రం 1885కి ముందు బోస్టన్‌లో కట్టిన పద్ధతిలోనే కడతారు.

ఎందుకని? మా ఇంటి వెనక కడుతున్న అపార్టుమెంటు దగ్గర పాలమూరు నుంచి వచ్చిన ఒక మేస్త్రీని అడిగాను. "ఆ ఇటుకలు కాస్త ఎత్తుమీద పేర్పించుకోవచ్చు కదా మేస్త్రీ?"

ఆయన నన్ను చూసి నవ్వలేదు, కోప్పడలేదు. "పేర్చేటోళ్ళకు కూలి ఎవలియ్యాలె సారూ? మీరిస్తరా?" అన్నాడు. "గుత్తకు పట్టినం. అడుగుకు ఇంతని. ఉన్నది ఒక్క మనిషి. ఆమెనే మాలు కలపాలె, ఆమెనే ఇటుక మొయ్యాలె. బల్లమీద పేర్చుకుంట కూసుంటే గోడ ఎప్పుడు లేవాలె?"

అదీ సంగతి. చదరపు అడుగుకి ఇంతని గుత్త. పై కాంట్రాక్టరు కింది కాంట్రాక్టరుకి, కింది కాంట్రాక్టరు మేస్త్రీకి, మేస్త్రీ ఊరినుంచి తెచ్చుకున్న నలుగురికి. ఒక్కో మెట్టు దిగేకొద్దీ రేటు తగ్గుతుంది, తగ్గిన ప్రతి రూపాయినీ ఎక్కడో ఒకచోట పూడ్చుకోవాలి. సిమెంటు రేటు తగ్గదు. ఇసక రేటు అసలే తగ్గదు. బేరం ఆడకుండా దొరికేది నడుమొక్కటే. మేస్త్రీ తన నడుముని తానే ఖర్చు పెట్టుకుంటున్నాడు కాబట్టి ఎవరి పుస్తకంలోనూ అది ఖర్చు కింద కనిపించదు.

శరీరం మాత్రం రాసుకుంటుంది. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుల్లో ఎక్కువ భారం పడేవి అడుగున ఉన్న రెండు: నాలుగూ అయిదూ నడుము పూసల మధ్యది ఒకటి, అయిదో పూసకీ త్రికాస్థికీ మధ్యది ఇంకొకటి. మనిషి ముందుకి వంగినప్పుడు చేతిలోని ఇటుక ఆ డిస్కుకి మూరెడు దూరంలో ఉంటుంది. దాన్ని వెనక్కి లాగి నిలబెట్టాల్సిన వెన్ను కండరం డిస్కుకి రెండంగుళాల దూరంలో ఉంటుంది. ఏతాం ఎక్కినవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు: దగ్గరున్నవాడు దూరంగా ఉన్న బరువుకి ఎన్నో రెట్లు తొక్కాలి. కండరం లాగే ఆ బలమంతా డిస్కుమీదే నొక్కుడు. స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960లలో బతికున్న మనుషుల డిస్కుల్లోకి సూది దించి, ఒత్తిడి ఎంతో కొలిచి చూపించాడు. నిలబడినప్పటికన్నా ముందుకి వంగినప్పుడు ఎక్కువ, వంగి బరువెత్తితే ఇంకా ఎక్కువ, దానికి తోడు పక్కకి తిరిగితే మరీ ఎక్కువ. మేస్త్రీ ప్రతి ఇటుకకీ ఈ మూడూ చేస్తాడు. డిస్కుకి పెద్దవాళ్ళలో సొంత రక్తనాళాలంటూ దాదాపు ఉండవు, చుట్టుపక్కల ఎముకలోంచి ఊరి వచ్చే దానిమీదే బతుకుతుంది. అందుకే దెబ్బ తిన్న చర్మం వారంలో మానినట్టు అది మానదు. పొర చిరిగి లోపలి గుజ్జు బయటికి తోసుకొచ్చి నరాన్ని నొక్కితే పిర్రలోంచి పాదం దాకా కరెంటు కొట్టినట్టు లాగే నొప్పి వస్తుంది. ఆ నొప్పికి మూలం ఈ జారిన డిస్కే అని మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు డాక్టర్లు 1934లో లోకానికి చెప్పారు. వాళ్ళదీ బోస్టనే.

ఈ అరుగుదలకి ఒక తేదీ ఉండదు. మేస్త్రీ పరంజా మీంచి పడితే తేదీ ఉంటుంది, పోలీసులొస్తారు, పేపర్లో పడుతుంది. డిస్కు మాత్రం పదిహేనేళ్ళపాటు ఆరువందలు ఆరువందలుగా అరిగి, ఏదో ఒక మామూలు పొద్దున, చెంబు తీసుకుందామని వంగినప్పుడు పట్టేస్తుంది. ఇంట్లో చెంబు దగ్గర పట్టేసింది కాబట్టి అది సైటులో జరిగింది కాదు! మన చట్టాలన్నీ ఈ ఒక్క ఆధారంమీదే నిలబడి ఉన్నాయి.

చట్టం దగ్గరికే వద్దాం. భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది, దాని కేంద్ర నియమాలు 1998లో. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లు ఆ చట్టం స్థానంలోకి వచ్చాయి. మగవాడు 55 కిలోలు, ఆడమనిషి 30 కిలోలు మించి మోయకూడదని ఆ నియమాల్లో రాశారు. ఎన్నిసార్లు? రాయలేదు. ఎంత ఎత్తులోంచి? రాయలేదు. నేలమీంచి వంగి ఎత్తితే ఎంత, నడుము ఎత్తులోంచి తీసుకుంటే ఎంత? అదీ లేదు. అంటే మూడు కిలోల ఇటుకని రోజుకి ఆరువందల సార్లు నేలమీంచి ఎత్తించినవాడు ఈ చట్టం కళ్ళలో పరమ సాధువు. సిమెంటు బస్తా 50 కిలోలు, చట్టం హద్దు 55. బస్తాని దృష్టిలో పెట్టుకుని రాసినట్టే ఉంది, దాన్ని మోసేవాడిని దృష్టిలో పెట్టుకుని మాత్రం కాదు. అమెరికాలో నియోష్ అనే ప్రభుత్వ సంస్థ బరువెత్తే పనికి 1991లో ఒక సూత్రం సవరించి ఇచ్చింది. అన్నీ అనుకూలంగా ఉంటే, అంటే బరువు ఒంటికి దగ్గరగా, నడుము ఎత్తులో, అప్పుడప్పుడు మాత్రమే ఎత్తేలా ఉంటే 23 కిలోలు. నేలమీంచి ఎత్తితే అందులో కొంత కోత, దూరం నుంచి అందుకుంటే కొంత కోత, పక్కకి తిరిగితే కోత, నిమిషానికి ఎన్నిసార్లు అన్నదాన్నిబట్టి మరింత కోత. అక్కడ లెక్క మొదలయ్యేదే కోతలతో. మన లెక్క 55 దగ్గర మొదలై 55 దగ్గరే ఆగిపోతుంది.

అదే 1996 చట్టంలో ఉన్న ఇంకో చమత్కారం కొత్త కోడ్‌లోకీ అలాగే వచ్చింది. సంక్షేమ బోర్డులో సభ్యుడిగా కొనసాగాలంటే ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. పనిలో ప్రమాదం జరిగి దెబ్బ తగిలి ఇంట్లో ఉంటే ఆ రోజులని లెక్కలోంచి తీసేస్తారు, సభ్యత్వం పోదు. బాగుంది. మరి నడుము అరిగిపోయి మంచం పట్టినవాడో? అతనికి జరిగింది ప్రమాదం కాదు. 90 రోజులు పని చేయలేడు, కాబట్టి కార్మికుడు కాడు. ఏ పని వల్ల నడుము పోయిందో ఆ పని చేయలేకపోతున్నాడనే కారణంతో ఆ పనివాళ్ళ నిధికి దూరమవుతాడు. ఇంత నున్నగా కోసే కత్తి మరెక్కడైనా ఉందా?

ఆ నిధిలో డబ్బు లేదా అంటే, ఉంది. ఇల్లు కట్టుకున్న మీలో చాలామంది నిర్మాణ ఖర్చుమీద ఒక శాతం సెస్సు కట్టే ఉంటారు. దేశం మొత్తంమీద ఇలా 37,400 కోట్ల రూపాయలకి పైగా వసూలైతే కార్మికుల కోసం ఖర్చయింది దాదాపు 9,500 కోట్లు మాత్రమే అని 2018 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పులో ఉంది. మిగతాది ఏమైందని న్యాయమూర్తులే అడిగారు. ఆ డబ్బులో వందో వంతు పెట్టినా ప్రతి మండలంలో ఇనప బల్లలు కొని మేస్త్రీలకి ఉచితంగా తిప్పొచ్చు. పెళ్ళికి షామియానాలు, కుర్చీలు తిప్పుకోగలిగిన ఊళ్ళు బల్లలు తిప్పుకోలేవా?

ఇక జబ్బుల పట్టిక. వృత్తి వల్ల వచ్చే రోగాలకి నష్టపరిహారం ఇవ్వాలని 1923 నాటి చట్టంలోనే ఉండేది, దాని వెనక పట్టిక ఉండేది, 2020లో చేసిన సామాజిక భద్రతా కోడ్‌లోకి కూడా ఆ పట్టిక వచ్చింది. సీసం విషం ఉంది, సిలికోసిస్ ఉంది, చప్పుడు వల్ల వచ్చే చెవుడు ఉంది. ఏళ్ళ తరబడి బరువులెత్తి, వంగి వంగి అరిగిపోయిన నడుము డిస్కు లేదు. జర్మనీ దాన్ని 1993లో తన పట్టికలో చేర్చుకుంది: 2108 నంబరు. రుజువు చేసుకోవడం అక్కడా తేలిక కాదు, దరఖాస్తు పెట్టుకున్న అందరికీ దొరకదు. కానీ తలుపంటూ ఒకటుంది, తట్టొచ్చు. ఇక్కడ తట్టడానికి గోడే ఉంది. ఆ గోడ కూడా అతను కట్టిందే.

మట్టి ఇటుకలు పోయి బ్లాకులు వచ్చాయి, కష్టం తగ్గిందంటారు కొందరు. పదహారంగుళాల పొడవు, ఎనిమిదంగుళాల ఎత్తు, ఆరంగుళాల మందం ఉన్న సిమెంటు సాలిడ్ బ్లాకు ఒకటి ఎత్తి చూడండి. దాదాపు పాతిక కిలోలుంటుంది. నాలుగంగుళాలదైనా పదిహేనుకి పైనే. ఇరవై కిలోలు దాటిన బ్లాకుని ఒక్క మనిషి పదే పదే ఎత్తి కట్టకూడదని బ్రిటన్ ఆరోగ్య భద్రతా శాఖ హెచ్చరిస్తుంది. నెదర్లాండ్స్‌లో పధ్నాలుగు కిలోలు దాటితే యంత్రం పట్టుకురమ్మంటారు. సిమెంటు బస్తా బ్రిటన్‌లో పాతిక కిలోలకి దిగింది. మనదగ్గర ఇంకా యాభై. వంగే సార్లు తగ్గాయి కాబట్టి నడుముకి సుఖం అనేవాళ్ళు, ఆ పాతిక కిలోలని నేలమీంచి లేపి భుజం ఎత్తు వరసలో ఒక పూట పెట్టి చూసి, రాత్రికి వచ్చి మళ్ళీ ఆ మాట అనాలి. ఏఏసీ బ్లాకులు తేలిక, నిజమే. కానీ వాన నీరు పీల్చినప్పుడు వాటి బరువు బ్రోషర్లో ఉండదు.

ఇంతసేపూ మేస్త్రీ అంటున్నాను, మగవాడి గురించే మాట్లాడుతున్నాను. ఆ ఇటుకలని అక్కడిదాకా తెచ్చిందెవరు? ఆడకూలీ. చుట్టకుదురు మీద చెక్క పలక, దానిమీద ఎనిమిదో పదో ఇటుకలు. పది ఇటుకలంటే చట్టం హద్దు ముప్పై కిలోలు అక్కడే నిండిపోయాయి. ఆమె కింద గొంతుక్కూచుని పేర్చుకోవాలి, ఎవరైనా చెయ్యేస్తే లేవాలి, గోడ తేలని మెట్లమీద పట్టుకోను ఏమీ లేకుండా ఎక్కాలి, పైన మళ్ళీ వంగి దించాలి. మాలు కలిపేది ఆమే, ఇసక జల్లెడ పట్టేది ఆమే, సాయంత్రం గోడకి నీళ్ళు కొట్టేది ఆమే. మేస్త్రీ కూలిలో ఆమెకి సగం అటూ ఇటూ. మేస్త్రీ దగ్గర చేరిన కుర్రాడు నాలుగేళ్ళకి తాపీ పడతాడు. ఆమె ఇరవై ఏళ్ళు మోసినా ఆమె చేతికి తాపీ ఇచ్చేవాడు లేడు. ఆమె నడుము నొప్పిని మేస్త్రీ కూడా లెక్కలో వేయడు. కాన్పుల వల్ల అంటాడు. ఈ విషయంలో మేస్త్రీమీద కూడా నాకు కోపమే.

ఇక మందుల సంగతి. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది పొడిపించుకుంటారు, పొద్దున్నే రెండు బిళ్ళలు వేసుకుని పనికి పోతారు. నొప్పి తగ్గుతుంది, డిస్కు తగ్గదు. ఒళ్ళు వద్దని చెప్పే ఒక్క గొంతునీ నొక్కేసి అదే పని మళ్ళీ చేయించడమే అది. ఏళ్ళ తరబడి ఇలా మింగితే కడుపులో పుండు, మూత్రపిండాలకి చేటు. సాయంత్రానికి క్వార్టరు. తాగుబోతు మేస్త్రీలని తిట్టే పెద్దమనుషులు ఆ క్వార్టరులో ఎంత భాగం నొప్పి మందో ఎప్పుడైనా అడిగారా? మెడికల్ షాపులో నడుము బెల్టు అమ్ముతారు. బెల్టు పెట్టుకుంటే నడుముకి దెబ్బ తగలదనడానికి ఆధారం లేదని అదే నియోష్ 1994లో చెప్పేసింది. పెద్ద కంపెనీల సైట్లలో అయితే గోడకి పోస్టరు ఉంటుంది: మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా పెట్టి ఎత్తండి. పోస్టరు గీసినవాడిని పిలిచి ఒక్కపూట మూడొందల గుంజీలు తీయమనాలి. బరువెత్తే పద్ధతి నేర్పినంత మాత్రాన నడుము నొప్పులు తగ్గడం లేదని 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష తేల్చింది. ఎందుకు తగ్గుతాయి? ఇటుక ఇంకా నేలమీదే ఉందాయె.

అనుభవం వస్తే ఒళ్ళు అలవాటు పడుతుందన్న వాదన ఒకటి మిగిలింది. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయంవాళ్ళు తాపీ పనివాళ్ళ ఒంటికి సెన్సర్లు కట్టి బ్లాకుల గోడ కట్టించి చూశారు. నడుముమీద ఎక్కువ భారం పడింది అప్పుడే చేరినవాళ్ళకి కాదు, మూడేళ్ళు నేర్చుకున్న కుర్రాళ్ళకి. ఇరవై ఏళ్ళు పైబడిన మేస్త్రీలు తక్కువ భారంతో ఎక్కువ పని చేశారు. చూశారా, అలవాటైంది అంటారు. అక్కడ సెన్సరు కట్టించుకోవడానికి మిగిలినవాళ్ళే ఆ ఇరవై ఏళ్ళవాళ్ళు. మధ్యలో నడుము పోయి ఊరికి తిరిగిపోయి, పాన్‌డబ్బా పెట్టుకునో, మేకలు కాసుకునో బతుకుతున్నవాళ్ళని ఏ సెన్సరూ కొలవలేదు. మహబూబ్‌నగర్ పల్లెల్లో, శ్రీకాకుళం పల్లెల్లో అరుగులమీద కూర్చున్న యాభై ఏళ్ళ ముసలివాళ్ళని వెళ్ళి అడగండి, ఎవరు ఏ డ్యాముకి, ఏ టవరుకి, ఏ దుబాయికి నడుమిచ్చి వచ్చారో చెబుతారు.

ఇప్పుడు ఇల్లు కట్టిస్తున్నవాళ్ళతో మాట. ప్రభుత్వం పట్టిక మార్చాలి, హద్దు మార్చాలి, సెస్సు డబ్బు తియ్యాలి. అవి జరిగేదాకా మీరు ఆగక్కర్లేదు. వాస్తు సిద్ధాంతి చెప్పాడని కట్టిన మెట్లు పగలగొట్టించి ఇటు తిప్పించినవాళ్ళు మీరు. ఈశాన్యం మూల అంగుళం తగ్గిందని గోడ జరిపించినవాళ్ళు. స్లాబు వేసిన రోజు యాటని కోసి భోజనాలు పెట్టారు, గృహప్రవేశానికి మేస్త్రీకి బట్టలు పెట్టారు. సంతోషం. బట్టలకి ముందు బల్ల పెట్టండి.

మేస్త్రీతో గుత్త మాట్లాడుకునేటప్పుడే ఇవి కాగితంమీద రాయించండి. ఇటుకలూ మాలూ తొడ ఎత్తున బల్లమీద ఉండాలి, నేలమీద కాదు. రెండు ఇనప స్టాండ్లు, రెండు పలకలు, లేదా ఖాళీ డ్రమ్ములమీద పరంజా చెక్కలు, ఏదైనా సరే. గోడ లేచేకొద్దీ వాటినీ లేపాలి. పేర్చి అందించడానికి ఇంకో మనిషి కూలి గుత్తలో కలపకుండా మీరే విడిగా ఇవ్వాలి. ఇరవై కిలోలు దాటిన బ్లాకు మీ సైటులోకి రాకూడదు, వచ్చినా ఇద్దరు పట్టుకుని పెట్టాలి. ఇటుకలు పైకి పోవడానికి కప్పీ కట్టించండి, ఆమె నెత్తిమీదుగా వద్దు. అంతా కలిపి లెక్క వేసుకోండి, మీ హాల్లో ఫాల్స్ సీలింగుకి పెట్టేదానికన్నా తక్కువే అవుతుంది. ఆ ఖర్చు మీరు పెట్టుకోండి. మేస్త్రీని అడక్కండి, ఆయన ఇప్పటికే చాలా పెట్టాడు.